పండుగప్ప నోట్లో జయరాజు ముడి

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నేను కరెంటు లైన్‌మన్‌ని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో శ్మశానం గోడ పక్క స్తంభాలు ఎక్కాను, మనిషి ఉరేసుకున్న గదిలో శవాన్ని దించకముందే ఫ్యూజు పీకాను. మా పనిలో మనిషిని చంపేది కంటికి కనపడని కరెంటే గానీ కంటికి కనపడని ఆడమనిషి కాదు. తెల్లచీర కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మాది చర్చికి పోయే కుటుంబమే. కానీ పాస్టరుగారు సైతాను గురించి చెప్పేటప్పుడు వెనక బెంచీలో కునుకు తీసే బాపతు నేను.

కాబట్టి ఇది దెయ్యం కథ అని అనను. ఇదేం కథో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, చదివి మీరే చెప్పండి.

మాది ఒంగోలు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. పైన నల్లరేగడిలో పత్తి, మిరప వేస్తారు. కింద గుండ్లకమ్మ ఏటి వైపు ఉప్పునీళ్ళు తగిలే నేలంతా రొయ్యల చెరువులే. ఏరు సముద్రంలో కలిసే మొగ మా ఊరికి అయిదారు కిలోమీటర్లు ఉంటుంది. పోటుకి సముద్రం నీళ్ళు మా ఊరి దాకా ఎక్కుతాయి, పాటుకి దిగిపోతాయి.

ఆ పోటు నీళ్ళతోనే పండుగప్ప ఎక్కుతుంది. సముద్రానికీ ఏటికీ మధ్య తిరిగే చేప అది. గాలానికి తగిలిందంటే చెయ్యి ఊడిపోయేంత బలం. చలి మొదలైతే మొగ వైపు దిగిపోయి ఎర ముట్టదు. కానీ కొన్నేళ్ళు డిసెంబరు మొదట్లో చలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాలి ఆడదు, ఉక్కపోస్తుంది, దుప్పట్లు మడతపెట్టి మళ్ళీ ఫ్యాన్లు వేసుకుంటాం. ఆ నాలుగైదు రోజులు ఏట్లో నీళ్ళు వెచ్చబడతాయి. అప్పుడు పండుగప్ప వెర్రెత్తినట్టు ఎక్కి వచ్చి తింటుంది. ఈ సంగతి మా ఏటి ఒడ్డున గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు.

జయరాజు నా తమ్ముడు. నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే వాణ్ణి నేనే పెంచాను. చదువు అబ్బలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి గుంటూరు పోయి, మిర్చి యార్డులో గోతాలు కుట్టే పనిలో చేరాడు. మస్తాన్ గారని ఒక పెద్దాయన ముఠాలో ఉండేవాడు. సీజన్లో అక్కడ, మిగతా రోజులు ఇక్కడ.

ఇక్కడ ఆ పని గురించి కొంచెం చెప్పాలి. మిరపకాయల గోతాం మూతిని దబ్బనంతో పురికొస వేసి కుట్టుకుంటూ వచ్చి, చివర్లో ఒక ముడి వేస్తారు. ఆ ముడి ఎవరిది వాళ్ళదే. లారీ ఎక్కించేటప్పుడు మూట విచ్చుకుని కాయలు కారాయంటే, పక్క మూట ముడి చూసి ఇది ఫలానావాడు కుట్టిన లాటు అని మేస్త్రీ చెప్పేస్తాడు. జయరాజుది పుర్రచెయ్యి. అందరి చుట్లు కుడికి తిరిగితే వాడివి ఎడమకి తిరుగుతాయి. మూడు చుట్లు చుట్టి, కొసను వెనక్కి మడిచి, నడిమి చుట్టు కిందనుంచి లాగి బిగించేవాడు. చూడటానికి గోధుమ గింజంత ఉంటుంది. గుంజితే తెగాలే గానీ జారదు.

ఆ ముడినే వాడు గాలానికీ వేసేవాడు. నేను హైటెన్షన్ వైరుకి కళ్ళు మూసుకుని జాయింటు వేస్తాను గానీ, వాడి ముడి మాత్రం నాకు పట్టుబడలేదు. ఏటి ఒడ్డున కూర్చుని ఎన్నిసార్లు నేర్పించాడో లెక్కలేదు. చివరికి విసుగొచ్చి, "నువ్వు స్తంభాలెక్కన్నా, ముళ్ళు నాకొదిలెయ్" అనేవాడు. ఎగతాళికి ఏమీ తక్కువ లేదు వెధవకి.

వాడికి వేటపాలెం అమ్మాయి సునీతతో పెళ్ళి చేశాను. పెళ్ళికి ముందు జీడిపప్పు బట్టీలో పనిచేసేది. గింజల చమురుకి వేళ్ళు నల్లబడి ఉండేవి. మా ఇంటికి వచ్చిన ఆరు నెలలకి గానీ ఆ నలుపు పోలేదు. నెమ్మదస్తురాలు. వాడు ఇద్దరి వాగుడూ వాగేవాడు కాబట్టి ఇల్లు సరిపోయింది.

పెళ్ళయిన రెండో డిసెంబరులో ఆ ఉక్కపోత వచ్చింది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఒక రొయ్యల చెరువు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మీద పని చేస్తున్నాను. పైనుంచి చూస్తే తాడిచెట్టు మలుపు కనిపిస్తుంది, ఏరు ఒక్కసారిగా దక్షిణానికి తిరిగే చోటు. అక్కడ నీళ్ళలో చేపలు పొర్లుతున్నాయి. చిన్నవి కాదు. స్తంభం మీద నుంచే ఫోన్ చేశాను.

"ఒరేయ్, పండుగప్ప ఎక్కిందిరా. తాడిచెట్టు కాడ పొర్లతన్నాయి. తొందరగా రా."

"నువ్వూ రా అన్నా."

"నాకు డ్యూటీ ఉంది, నువ్వు పో."

అంతే. మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అదే. రమ్మన్నది నేను, రానన్నది నేను.

పొద్దుగూకేవేళ సునీత ఫోన్ చేసింది, ఆయన ఫోన్ ఎత్తడం లేదని. నేను పోయి చూస్తే ఒడ్డున వాడి చెప్పులున్నాయి. రొయ్యల డబ్బా ఉంది, సగం రొయ్యలు ఇంకా బతికే ఉన్నాయి. ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి చెప్పుల కింద పెట్టి ఉంది. గాలం కర్ర లేదు. వాడు లేడు. వాడికి ఈత వచ్చు, నాకంటే బాగా వచ్చు.

నాలుగు రోజులు వెతికాం. కొత్తపట్నం నుంచి పడవలు తెప్పించాను. మొగ దాకా వలలు లాగారు. ఫైరింజను వాళ్ళు వచ్చి మలుపులో గుండమంతా కొక్కేలతో దేవారు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, రెండో రోజుకల్లా తేలాలి అన్నారు పల్లెకారులు. రెండో రోజు తేలలేదు. మూడో రోజూ తేలలేదు. అయిదో రోజు తెల్లారేసరికి ఉత్తరపు గాలి తిరిగి చలి పడింది. వల లాగే పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "ఇంక తేలడయ్యా. పాటుకి సముద్రంలోకి పోయుంటాడు" అన్నాడు. పోలీసులు మనిషి కనపడటం లేదని రాసుకున్నారు.

చచ్చిన మనిషి శవం దొరికితే ఏడుపుకి ఒక అంతు ఉంటుంది. మాకు అది లేదు. నవంబరులో సమాధుల పండగ వస్తుంది. ఊరంతా తమ వాళ్ళ సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఆ రోజు సునీత ఇంట్లోంచి బయటికి రాదు. ఎక్కడికి పోతుంది? ఏ సమాధి దగ్గర నిలబడుతుంది?

అది చాలదన్నట్టు కబుర్లు వచ్చేవి. తిరుపతిలో గుండు చేయించుకుని తిరుగుతున్నాడని ఒకరు, మద్రాసు స్టేషన్లో చూశామని ఒకరు. మూడుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ సునీత వాడి చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి సంచిలో పెట్టేది, దొరికితే వేసుకోవడానికి. ప్రతిసారీ ఆ చొక్కా మడత విప్పకుండానే తిరిగొచ్చేది. నా చేతిలోంచి సంచి అందుకునేటప్పుడు ఆ పిల్ల మొహం చూడలేక, మూడోసారి సంచిని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాను.

రెండేళ్ళు దాటాక వాళ్ళ పుట్టింటివాళ్ళు ఒక సంబంధం చూశారు. వేటపాలెంలోనే ఆటో నడిపే అతను, భార్య పోయి మూడేళ్ళయింది, పిల్లల్లేరు. తాగుడు లేదు. సునీత వద్దంది. ఎనిమిది నెలలు వద్దంటూనే ఉంది. ఒప్పించింది నేనే. "అమ్మాయ్, వాడు రాడు. నేను వాడి అన్నని, నేను చెబుతున్నా, రాడు" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత గుండె కావాల్సి వచ్చిందో నాకే తెలుసు. ఆమె "మీరు అంత గట్టిగా అంటే సరే బావగారూ" అంది.

మొదటి భర్త పోయినట్టు కాగితం లేకుండా పెళ్ళి ఎలా చేయనని అక్కడి పాస్టరుగారు పట్టుబట్టారు. రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చున్నారు. చివరికి భర్త తరఫువాళ్ళు రాసిస్తే చాలన్నారు. నేనే రాశాను. నా తమ్ముడు ఏట్లో పడి చనిపోయాడని మా కుటుంబం నమ్ముతోంది, ఈ పెళ్ళికి మాకు అభ్యంతరం లేదు అని. రాసి సంతకం పెట్టాను.

మా చర్చిల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయికి పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడో ఆదివారం దాకా ఎవరూ లేవకపోతే ఇక ఆ పెళ్ళికి అడ్డు లేనట్టే. క్రిస్మస్ వెళ్ళగానే పెళ్ళి అనుకున్నారు కాబట్టి ప్రకటనలు డిసెంబరులో పడ్డాయి. మొదటి రెండింటికీ నేను పోలేదు. రెండో ఆదివారం సాయంత్రం సునీత పుట్టింటి నుంచి ఫోన్ చేసి, "వచ్చే ఆదివారం మీరొచ్చి ముందు బెంచీలో కూర్చోండి బావగారూ. మీరుంటే ఎవరూ ఇంకో మాట అనరు" అంది. వస్తానన్నాను.

ఆ వారమే మళ్ళీ చలి ఆగిపోయింది.

గురువారం నాటికి ఒకటే ఉక్క. పత్తి తీసే ఆడవాళ్ళు ఎండాకాలంలాగా తలలకి తడిగుడ్డలు చుట్టుకున్నారు. డ్యూటీ మూడింటికి అయిపోయింది. ఇంటికి పోయి, అటక మీద నుంచి గాలం కర్ర దించాను. మూడేళ్ళలో దాన్ని ముట్టుకోలేదు. ఎందుకు దించావని మా ఆవిడ అడుగుతుండగానే గడప దాటాను. నిజం చెప్పాలంటే చేప కోసం కాదు. ఆదివారం అయిపోతే వాడు పూర్తిగా పోయినట్టే. పోయేముందు వాడితో ఒక్కసారి చెప్పి రావాలనిపించింది. ఏరు తప్ప వాడికి ఇంకో అడ్రసు లేదు మరి.

ఇప్పుడు చెప్పేవి జాగ్రత్తగా చెబుతాను. తాడిచెట్టు మలుపుకి చేరేసరికి మూడున్నర దాటింది. పోటు ఎక్కుతోంది. ఒడ్డంతా మెత్తటి బురద, అంతకు ముందు పాటుకి తేలిన బురద. దాని మీద కొంగల అడుగులు తప్ప మనిషి అడుగులు లేవు. ఇది నేను అప్పుడే గమనించాను, తర్వాత గుర్తు తెచ్చుకున్నది కాదు. ఎక్కడ దిగబడతానో అని చూసుకుంటూ నడిచాను కాబట్టి తెలుసు. అవతలి ఒడ్డున ఒకామె గేదెల్ని కడుగుతోంది.

రొయ్య గుచ్చి గాలం వేశాను. కూర్చుని వాడితో ఏదో మాట్లాడాను, అది ఇక్కడ రాయక్కర్లేదు. పావుగంట కాకముందే కర్ర వంగిపోయింది. తేరుకునేలోపు దారం సగం లాక్కుపోయింది. అరగంట పోరాడితే గానీ ఒడ్డుకు రాలేదు. అయిదారు కిలోల పండుగప్ప. బురద మీదికి లాగి, నా గాలం తీద్దామని నోరు తెరిచాను.

నోట్లో రెండు గాలాలున్నాయి.

నాది పై దవడకి పట్టి ఉంది. రెండోది కింది పెదవి మూలన. దానికి మూరెడు దారం వేలాడుతోంది. పాత గాలం తెంపుకుని పోయిన చేప మళ్ళీ చిక్కడం వింతేమీ కాదు, అందరికీ జరిగేదే. కానీ పాత గాలమైతే తుప్పు ఉండాలి. ఇది షాపులోంచి తెచ్చినట్టు మెరుస్తోంది. దారానికి నాచు లేదు, మాపు లేదు. గాలం మొనకి రొయ్య గుచ్చి ఉంది. ఆ రొయ్య ఇంకా కాళ్ళు ఆడిస్తోంది.

దారం పట్టుకుని ముడి చూశాను. మూడు చుట్లు. ఎడమకి తిరిగి ఉన్నాయి. కొస వెనక్కి మడిచి, నడిమి చుట్టు కిందనుంచి లాగి ఉంది.

నేను అరిచాను. వాడి పేరు పెట్టి అరిచాను. ఎన్నిసార్లు అరిచానో తెలియదు. అవతలి ఒడ్డున ఆమె, "ఏందయ్యా, పాము గాని కరిచిందా?" అని కేకేసింది. ఇటు ఎవరైనా గాలం వేశారా అని అడిగాను. "పొద్దుట్నుంచి ఈడే ఉన్నా, నువ్వు తప్ప పురుగు గూడా రాలా" అంది. కర్ర అక్కడే పడేసి ఒడ్డు వెంబడి ఏరు దాటే చప్టా దాకా పరిగెత్తాను, రెండు కిలోమీటర్లు. ఎవరూ లేరు. రొయ్యల చెరువు కాపలాదారుని అడిగాను, లేరన్నాడు. వెనక్కి వచ్చి మొగ వైపు నడిచాను, చీకటి పడేదాకా. ఎవరూ లేరు. బురదలో ఉన్న అడుగులన్నీ నావే.

చేపని అక్కడే వదిలేశాను. అంత పండుగప్పని ఒడ్డున వదిలి వచ్చానంటే మా ఊళ్ళో ఎవడూ నమ్మడు. ఆ రెండో గాలాన్ని మాత్రం దారంతో సహా అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. భయంతో కాదు, ఆశతో. మూడేళ్ళు తిట్టుకుని తిట్టుకుని చంపుకున్న ఆశ ఒక్క మధ్యాహ్నంలో లేచి కూర్చుంది. అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను. వాడు బతికే ఉంటే సునీత సంగతేమిటి? నా సంతకం సంగతేమిటి? వాడు లేకపోతే ఆ ముడి ఎవరిది?

శనివారం సెలవు పెట్టి గుంటూరు బస్సెక్కాను. సీజను కాకపోయినా కోల్డ్ స్టోరేజీ సరుకు వస్తూనే ఉంటుంది, మస్తాన్ గారి ముఠా పనిలోనే ఉంది. కాయల ఘాటుకి తుమ్ముతూ వెతుక్కుని పోయాను. ఆయనకి నేనేమీ చెప్పలేదు. అగ్గిపెట్టె తెరిచి గాలం చేతిలో పెట్టి, ఇది చూడండి అన్నాను, అంతే. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, దారాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి చూసి, నోరారా నవ్వాడు.

"ఎప్పుడొచ్చాడు మీవాడు? నాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

నా మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. గోతాల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. జరిగిందంతా చెప్పాను. ఇంకెవరైనా వాడి దగ్గర నేర్చుకుని ఉండొచ్చా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏళ్ళుగా కుడతన్నా తమ్ముడూ. నాకే రాలా వాడి ముడి. చూపించమంటే చూపించేవాడు, మళ్ళీ వేద్దామంటే చెయ్యి తిరిగేది కాదు." గోరుతో ముడిని నొక్కి చూశాడు. పాత ముడి రాయిలాగా బిగుసుకుంటుందట. ఇది ఇంకా మెత్తగా ఉంది, వేసి రెండు మూడు రోజులు కూడా అయి ఉండదన్నాడు.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

లేదన్నాను.

"చెప్పమనాలో వద్దనాలో, అల్లా తోడు, నాకు తెలవదు" అని గాలం నా చేతిలో పెట్టేశాడు.

ఆదివారం వేటపాలెం చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాను. అగ్గిపెట్టె చొక్కా జేబులో ఉంది. డిసెంబరు నెలలో, గుమ్మానికి క్రిస్మస్ స్టార్ కట్టి ఉన్న చర్చిలో, ఫ్యాన్లన్నీ గిరగిరా తిరుగుతున్నాయి. సునీత ఆడవాళ్ళ వైపు కూర్చుంది. గంధం రంగు చీర కట్టుకుంది. మూడేళ్ళలో ఆ పిల్ల జడలో పూలు చూడటం అదే మొదటిసారి. నన్ను చూసి, వచ్చారా అన్నట్టు తల ఊపింది.

పాటలయ్యాక పాస్టరుగారు కాగితం తీసి చదివారు. ఇద్దరి పేర్లూ, తండ్రుల పేర్లూ, ఊరూ. "వీరి వివాహమునకు న్యాయమైన అభ్యంతరము ఏదైనా ఎవరికైనా తెలిసియున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మూడవదియు ఆఖరిదియునైన ప్రకటన."

చదివాక ఒక క్షణం ఆగుతారు. అలవాటుగా ఆగేదే, ఎవరూ లేవరని అందరికీ తెలుసు.

నేను లేచి నిలబడ్డాను.

లేవాలని అనుకోలేదు. కాళ్ళే లేచాయి. చర్చి మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి, "ఏమయ్యా, ఏమైనా చెప్పాలా?" అన్నారు. నేను సునీత వైపు చూశాను. ఆమె మొహంలో భయం లేదు. ఉన్నది భయమైతే చెప్పేసేవాణ్ణేమో. అది తిరుపతి నుంచి, మద్రాసు నుంచి నేను తిరిగొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి సంచి వైపు చూసే చూపు. మూడేళ్ళు కష్టపడి వదిలించుకున్న ఆ చూపు నేను లేచి నిలబడగానే తిరిగొచ్చేసింది.

నా దగ్గర ఏముంది? ఒక ముడి ఉంది. మనిషి లేడు. ముడిని చూపించి ఈ పిల్లని ఇంకెన్నేళ్ళు ఆ గుమ్మంలో నిలబెట్టను?

"ఫ్యాన్ వైరు కాలతన్న వాసన వస్తందండి. కాస్త స్విచ్చి ఆపండి" అన్నాను.

అందరూ నవ్వారు. కరెంటాయన గుళ్ళో కూడా డ్యూటీ దిగడే అని వెనకనుంచి ఎవరో అన్నారు. నేను చెయ్యి చూపితే ఆడవాళ్ళ వైపు ఫ్యాన్ ఆపారు. మిగతా ఆరాధనంతా ఆ వరసలో వాళ్ళు విసురుకుంటూనే కూర్చున్నారు.

పెళ్ళి జరిగింది. నేను వెళ్ళాను, అన్నం తిన్నాను, ఫోటోలో కూడా నిలబడ్డాను.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. చలికాలంలో ఉక్కపోసిన ప్రతిసారీ తాడిచెట్టు మలుపుకి పోయాను. అద్దంకి నుంచి మొగ దాకా ఏటి వెంట ఉన్న ప్రతి ఊళ్ళో వాడి ఫోటో చూపించాను. గాలాలు అమ్మే షాపుల్లో పుర్రచెయ్యి మనిషి ఎవరైనా వచ్చాడా అని అడిగాను. ఏమీ లేదు. చేపలు పడ్డాయి, పడిన ప్రతి చేప నోరూ తెరిచి చూశాను. నా గాలం తప్ప ఇంకేమీ లేదు. మస్తాన్ గారు పోయిన ఏడాది కాలం చేశారు. ఆ ముడిని గుర్తుపట్టేవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.

మొన్న వేసవిలో సునీత మా ఊళ్ళో ఒక పెళ్ళికి వచ్చి, దారిలో మా ఇంట్లో దిగింది. రెండేళ్ళ కూతురు. మళ్ళీ కడుపుతో ఉంది. మళ్ళీ బట్టీలో పనికి పోతోందేమో, వేళ్ళు నల్లగా ఉన్నాయి. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి పోయింది. కాసేపు ఎండల గురించి మాట్లాడాక సునీత ఉన్నట్టుండి అంది.

"ఆ రోజు చర్చిలో ఏ వాసనా రాలేదు బావగారూ. ఆ ఫ్యాన్ కింద కూర్చుంది నేనే."

మా ఆవిడ వింటోందేమోనని వంటింటి వైపు చూశాను.

"ఆ రోజు మీరు ఒక్క మాట చెప్పుంటే ఆగిపోయేదాన్ని. ఎన్నేళ్ళైనా ఆగేదాన్ని. ఇప్పుడు మాత్రం చెప్పబాకండి" అంది. ఏడవలేదు. టీ తాగి, మా ఆవిడతో మామూలుగా మాట్లాడి, పిల్లని చంకనేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు గానీ, కారణం లేకుండా బల్బు వెలగదని తెలిసినవాణ్ణి. దీనికీ ఏదో కారణం ఉండే ఉంటుంది. నాకు మాత్రం దొరకలేదు, దొరుకుతుందన్న నమ్మకం కూడా పోయింది. నా తమ్ముడు ఆనాడే పోయి ఉంటే, ఆ గురువారం ఆ ముడి వేసిందెవరో నాకు తెలియదు. బతికే ఉంటే, ఆ ఆదివారం నేను వాడికి చేసిందేమిటో నాకు బాగా తెలుసు.